నాయిన నౌకరి, ఎండకాలం పండుగ

సమస్య

మాది గోదావరిఖని. కాలనీలో రెండు గదుల క్వార్టర్‌లో ఉంటం. మా మామ ముప్పై ఏండ్లు సింగరేణి బొగ్గు బాయిలో పనిచేసిండు. మొదట తట్ట పట్టిండు, చివరికి సపోర్ట్‌మన్ అయిండు. పానం బాగలేక కొత్తగూడెం మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి మా ఆయనకు వచ్చింది. రెండేండ్లు కావస్తున్నది. ఆయన ఇంట్లో అందరికన్న చిన్నోడు. పైన ఇద్దరు బావలు, ఇద్దరు ఆడిబిడ్డలు. పెద్దబావ కరీంనగర్‌లో ఆటో నడుపుతడు, చిన్నబావ హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీల చేస్తడు.

ప్రతి ఏడు మే నెలల మా ఇంట్ల ఎల్లమ్మ పండుగ. మా మామ పనిలో చేరిన కొత్తలో మొదలైందట. బావలు, ఆడిబిడ్డలు, మామ తమ్ములు, చెల్లె, వాళ్ల పిల్లలు, మనుమలు కలిస్తే నలభై మందికి తక్కువ కారు. ఒకరోజు బోనం, యాట. తెల్లారి మామిడికాయ తొక్కు. ఇంకో రెండు మూడు రోజులు ఉండి పోతరు. వాకిట్లో షామియానా వేస్తం, రెండు కూలర్లు కిరాయికి తెస్తం. నల్లా పొద్దున గంటసేపే వస్తది, డ్రమ్ములన్నీ అప్పుడే నింపుకోవాలె.

మామ నౌకరి చేసినప్పుడు ఖర్చు ఆయనే పెట్టేటోడు. ఇప్పుడు మొత్తం మా మీద పడ్డది. పోయిన ఏడు ఎనభై వేలు దాటింది. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినం, ఇంకా తీరలేదు. ఎవరినన్న అడిగితే "నాయిన నౌకరి నీకే వచ్చింది గదా, నువ్వు పెట్టకపోతే ఎవరు పెడతరు" అంటరు. తినేటప్పుడు గూడ అదే మాట. పోయినసారి పెద్దబావ ఇస్తారి ముందట కూసోనే, "నా వాటా నాకియ్యి, నేను ఎనిమిది లక్షలు అడుగుతున్న, ఎక్కువ అడుగుతలేను" అన్నడు. మా ఆయన ఏమనలేదు. అత్తమ్మ ఏడ్చింది. నౌకరి కాయితాల మీద మిగిలిన నలుగురూ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టిన రోజు ఏదో మాట అనుకున్నరట. ఏందని అడిగితే మా ఆయన చెప్పడు.

ఇంకో బాధ. ఆయన ఇంకా బదిలీ వర్కరే. పోయిన ఏడు పండుగకు నైట్ షిఫ్ట్ పడ్డది. పొద్దున ఏడింటికి బాయి నుంచి వస్తే పండుకోనీకి జాగ లేదు. వంటింట్ల సిలిండర్ పక్కన చాప వేసుకున్నడు. పిల్లలు, టీవీ, చుట్టాల మాటలు. రెండు రోజులు అట్లనే పోయి, మూడో రోజు నుంచి నాగాలు పెట్టిండు. చివరికి హాజరు మస్టర్లు కొన్ని తక్కువైనయి, జనరల్ మజ్దూర్‌గ పర్మనెంట్ కాలేదు.

ఈసారి పండుగ వద్దు అందామని ఉన్నది. కానీ నా బిడ్డకు ఏడాది పొడుగునా అదే ముచ్చట. మా మామ కూడా అప్పుడే నాలుగు ముద్దలు ఎక్కువ తింటడు. నేను వద్దన్ననంటే ఇల్లు ఇరగ్గొట్టిన కోడలినైత. ఏం చెయ్యమంటరు?

(పేరు రాయవద్దు, గోదావరిఖని)

సలహా

చెల్లీ, పండుగ ఆపొద్దు. మీ ఇంట్లో తేలని లెక్క ఒకటుంది. దాన్ని మీ వాళ్లు ఏడాదంతా ఎత్తరు, మే నెలలో అందరూ ఒకచోట చేరగానే ఎల్లమ్మ ముందు పెడతారు. యాట ఖర్చు, షామియానా కిరాయి, కూలర్లు అన్నీ ఆ లెక్కలో వడ్డీ కింద మీ దగ్గర వసూలవుతున్నాయి. మీరు పండుగ మానేస్తే ఆ లెక్క పోదు. ఇంకో పెళ్లిలోనో, ఇంకో చావులోనో బయటపడుతుంది. ముందు దాన్ని విడిగా తేల్చండి.

నౌకరి సంగతి సూటిగా చెబుతాను. వారసత్వ ఉద్యోగాల కోసం సింగరేణి ఇచ్చిన ప్రకటనను 2017లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ అదే నిలిచింది. ఆ తర్వాతే ఇప్పుడున్న కారుణ్య నియామకాల దారి వచ్చింది, మీ ఆయనకు నౌకరి వచ్చింది అందులోనే. ఇలాంటి ఉద్యోగం ఇంటి పెద్ద సంపాదన ఆగినప్పుడు కుటుంబం వీధిన పడకుండా ఇచ్చేదే తప్ప ఆస్తిలా పంచుకునేది కాదని సుప్రీంకోర్టు 1994 నుంచీ చెబుతోంది. కాబట్టి మీ పెద్దబావ అడిగే వాటాకు చట్టంలో చోటు లేదు. పొలం పంచినట్టు జీతం పంచమని ఏ కోర్టూ అనదు.

అయినా మీ బావకు ఆ ఎనిమిది లక్షల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అన్‌ఫిట్ అయిన కార్మికుడి కుటుంబం ఉద్యోగం వద్దనుకుంటే ఏకమొత్తంగా డబ్బు తీసుకునే వీలు కూడా ఉంది. బొగ్గు బాయి కాలనీల్లో అన్నదమ్ములు మనసులో ఆ డబ్బును తలా ఇంతని భాగించి చూసుకుంటారు. ఆటో నడుపుకుని బతికేవాడికి తమ్ముడి నౌకరి, క్వార్టర్, దసరాకు లాభాల వాటా కనిపిస్తాయి. తమ్ముడు ఇంకా బదిలీ వర్కరేనన్నది కనిపించదు. మీ బావ మాట్లాడిన తీరు తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ ఆయన దురాశపరుడని మీరు ముద్ర వేసుకుంటే ఈ చిక్కు విడిపోదు.

అసలు ముడి సంతకాల రోజున పడింది. ఆ రోజు మీ ఆయన ఏదో మాట ఇచ్చి ఉంటాడు. "నౌకరి రానీ అన్నా, నిన్ను మరువ" అన్నాడో, ఫలానా అంత ఇస్తానన్నాడో, అమ్మానాయినలను చూసుకుంటానని ఒప్పుకున్నాడో మీకు తెలియాలి. మిత్తికి తెచ్చిన అప్పు మీరిద్దరూ కలిసి తీర్చుకోవాలి గనుక ఆ మాట తెలుసుకునే హక్కు మీకుంది. ఆయన ఇంట్లో ఉన్న పొద్దున, పిల్ల బడికి పోయాక, తిట్టకుండా, ఏడవకుండా అడగండి. చెప్పేదాకా అడగండి.

మాట ఇచ్చి ఉంటే మాట నిలబెట్టుకోవాలి. చట్టం అడగదని తప్పించుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే వాళ్లు సంతకం పెట్టింది తమ్ముడి మాట మీద నమ్మకంతో. ఎంతో తేల్చి, నెలకు మీకు భారం కానంత చొప్పున, ఎప్పటికి ముగుస్తుందో తేదీతో సహా కాయితం మీద రాసి, బ్యాంకు ఖాతాలో వెయ్యండి. దానికోసం ఇంకో అప్పు చెయ్యొద్దు. మాట ఏమీ ఇవ్వలేదంటే ఆ సంగతి మీ ఆయనే అన్న ముందు నోరు తెరిచి చెప్పాలి. ఇస్తారి ముందు తల వంచుకుని కూర్చోవడాన్ని మీ బావ ఒప్పుకోలు అనుకుంటున్నాడు. అత్తమామల తిండి, మందులు మాత్రం ఏ ఒప్పందంలోనూ బేరం కాదు. నౌకరి తీసుకున్న కొడుకు వాళ్లను చూసుకోవాల్సిందే. మీరు చూసుకుంటున్నారని ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది.

మీ ఆడిబిడ్డలు ఏదైనా అడిగారని మీరు రాయలేదు. వాళ్లూ సంతకం పెట్టారు. వాటా మాట ఎత్తకుండా పండుగకు వస్తున్న ఆ ఇద్దరిని గుర్తుంచుకోండి. అన్నదమ్ముల పంచాయితీలో వాళ్లను కూడా కూర్చోబెట్టమనండి. ఇంట్లో నిజం మాట్లాడేవాళ్లు వాళ్లే కావచ్చు.

ఇక నన్ను నిజంగా భయపెట్టింది వంటింట్లో సిలిండర్ పక్కన ఆ చాప. పగలు నిద్ర లేని మనిషి రాత్రికి మళ్లీ బాయి దిగాడని మీరు రాశారు. రెండు రోజులు అలా దిగాడు. భూమి లోపల పైకప్పు చేసే చిన్న సప్పుడు వినపడాలి, హాలేజీ తాడు కదిలినప్పుడు కాలు వెనక్కి రావాలి. నిద్ర లేనివాడి చెవి, కాలు రెండూ ఆలస్యంగా పనిచేస్తాయి. మీ మామ బాయి పైకప్పు కూలకుండా ఆధారాలు నిలిపిన సపోర్ట్‌మన్. ఈ మాట ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆయనే. ఆయన నోటితోనే చెప్పించండి, "నైట్ షిఫ్ట్ చేసొచ్చినోడు పండుకున్న ఇంట్ల టీవీ పెట్టొద్దు" అని. కోడలు చెబితే పెడసరం అంటారు, ఆయన చెబితే నలభై మందీ వింటారు.

మస్టర్ల సంగతి కూడా అంతే ముఖ్యం. భూగర్భ గనిలో బదిలీ వర్కర్ ఏడాదికి 190 మస్టర్లు నింపితేనే జనరల్ మజ్దూర్ అవుతాడు, ఉపరితలంలో అయితే 240. మస్టర్లు తగ్గితే దసరాకు వచ్చే లాభాల వాటా కూడా తగ్గుతుంది. అంటే పోయిన ఏడు పండుగకు మీకు పడిన ఖర్చు ఎనభై వేలతో ఆగలేదు. ఈ లెక్క మీ బావలకు ఎవరూ చెప్పి ఉండరు. కాయితం మీద వేసి చూపించండి.

చుట్టాలతో గడిపినా మస్టర్ పోని చోట్లూ ఉండేవి. బ్రిటన్‌లోని వేల్స్ బొగ్గు గనుల్లో ఒకప్పుడు జూలై చివర, ఆగస్టు మొదట రెండు వారాలు గనులన్నీ ఒక్కసారే మూసేవారు. కార్మికులు పిల్లాపాపలతో, చుట్టాలతో సముద్రం ఒడ్డుకు పోయేవారు. ఎవరి షిఫ్టూ పోయేది కాదు. మన దగ్గర మూడు షిఫ్టులూ నడుస్తూనే ఉంటాయి. 1960ల మొదట్లో మీ రామగుండం ప్రాంతంలో బాయిలు తెరుచుకున్నాక ఊళ్లు విడిచి వచ్చినవాళ్లు పండుగకు ఊరికి పోలేక, ఊరినే కాలనీకి పిలుచుకున్నారు. మీ మామ చేసింది అదే. ఆయన కాలంలో ఆ ఇంట్లో అందరికీ అన్నం పెట్టే చెయ్యి ఆయనొక్కడిదే గనుక ఖర్చంతా ఆయన మీద ఉండటం సహజం. ఇప్పుడు ఐదుగురూ సంసారాలు నడుపుతున్నారు. ఆ పద్ధతి మారాలి.

పండుగ తేదీ మీ ఆయన షిఫ్టును బట్టి పెట్టండి. షిఫ్టులు వారం వారం మారతాయి కదా, మేలో ఆయనకు మొదటి షిఫ్ట్ పడే వారం చూసుకుని, బోనం ఆదివారం పెట్టుకోండి. మూడింటికి ఇంటికొస్తాడు, రాత్రి నిద్రపోతాడు, ఒక్క మస్టరూ పోదు. సంసారానికి ఇంత అని ముందే జమ చెయ్యండి. ఆటో నడిపే పెద్దబావకు, హైదరాబాద్ జీతగాడికి ఒకే మొత్తం పెట్టడం న్యాయం కాదు, ఉన్నదాన్ని బట్టి పెట్టండి. యాట ఒకరిది, బియ్యం, నూనె ఒకరివి అనుకున్నా సరే. నాలుగైదు రోజులు వద్దు. బోనం రోజు, తొక్కు రోజు, అంతే. తొక్కు పెట్టే రోజు కాయలు కొట్టే కత్తి మగవాళ్ల చేతికి ఇవ్వండి. టెంకతో సహా ముక్క కొట్టడానికి బలం కావాలి, ఆ బలం షామియానా కింద కూర్చుని వృథా అవుతోంది. ఎవరి జాడీ వాళ్లు, ఎవరి కారం, నూనె వాళ్లు తెచ్చుకోవాలి. రాత్రి పడుకోవడానికి, ఎండకాలం ఊరికి పోయిన పక్క క్వార్టర్ వాళ్ల తాళం అడగండి. కాలనీలో కాదనేవాళ్లు తక్కువ.

ఒక సంవత్సరం కరీంనగర్‌లో, ఒక సంవత్సరం ఆడిబిడ్డ ఇంట్లో చేద్దామని కొందరు అనవచ్చు. మీ మామ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు గోదావరిఖనిలోనే ఉంచమని నా మాట. మేలో 45 డిగ్రీలు దాటే ఎండలో ఆయన్ను బస్సెక్కించడం కంటే మనుమలే ఆయన దగ్గరికి రావడం మేలు.

బడులు ఏప్రిల్ చివర్లో మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. మే వచ్చి చుట్టాలు దిగాక ఈ మాటలేవీ సాగవు. ఏప్రిల్‌లోనే ఒక ఆదివారం ఐదుగురు తోబుట్టువులూ, అత్తమామలూ మాత్రమే కూర్చోవాలి. మామ తమ్ములు, మేనత్త వద్దు, పిల్లలు వద్దు. నౌకరి మాట ఆ రోజే మొదలై ఆ రోజే ముగియాలి. ఎల్లమ్మ రోజున ఆ మాట ఎవరెత్తినా, "ఏప్రిల్‌లో అయిపోయింది" అని మీ అత్తమ్మే అనాలి. ఆ కూర్చోవడానికి పెద్దబావను పిలిచే ఫోన్ మాత్రం మీరు చెయ్యొద్దు. అది మీ ఆయనే చెయ్యాలి, ఈ వారంలోనే చెయ్యాలి. ఈ పేజీ ఆయన చేతికి ఇవ్వండి.