హైదరాబాదు ఎంత దూరం?

అమ్మానాన్నలు హైదరాబాదులో విమానం ఎక్కగానే శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న మనం వేసే మొదటి లెక్క, ఎన్నింటికి దిగుతారని. దాన్నే ప్రోగ్రాముగా రాద్దాం.

ముందు దూరం. హైదరాబాదు విమానాశ్రయం 17.24 ఉత్తరం, 78.43 తూర్పు, శాన్ ఫ్రాన్సిస్కోది 37.62 ఉత్తరం, 122.38 పడమర. ఈ డిగ్రీలని పైథాగరస్ సూత్రంలో పెట్టి, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 22,400 వస్తుంది. కానీ భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యా దూరం సుమారు 20,000 మించదు! గుండ్రటి భూమికి నేను వాడేది హేవర్‌సైన్ సూత్రం. డిగ్రీలని రేడియన్లలోకి మార్చి, భూమి వ్యాసార్ధం 6,371 తీసుకుంటే సుమారు 13,500 కిలోమీటర్లు. ఆ దారి ఆర్కిటిక్ వృత్తం దాటి పోతుంది.

గంటకి 900 చొప్పున 15 గంటలు. మజిలీలు, చుట్టుదారి, ఎదురుగాలి అదనం.

ఇక టైము. టికెట్టు మీదుండేవి స్థానిక సమయాలు. రెండిటినీ యూటీసీలోకి మార్చాకే తీసివేయండి. రెండు ఊళ్ళకీ తేడా వేసవిలో 12:30 గంటలు, చలికాలంలో 13:30. వేసవిలో రాసిన 12:30ని కోడులో అలాగే ఉంచేస్తే, డిసెంబరులో మీరు గంట ఆలస్యంగా వెళతారు. అంతసేపూ పెద్దవాళ్ళు సామాన్లతో దిక్కులు చూస్తూ నిలబడాలి. అందుకే తేడాని అంకెగా రాయకండి, టైమ్‌జోన్ లైబ్రరీని అడగండి.