సముద్రంలో దిగే అమ్మమ్మలు

కొరియా దేశానికి దక్షిణాన సముద్రంలో ఒక దీవి ఉంది. దీవి అంటే చుట్టూ నీళ్లు ఉన్న నేల. ఈ దీవి పేరు జెజు. ఎప్పుడో చాలా కాలం కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన రాయి పొంగి పొర్లింది. అది చల్లారి గట్టిపడి ఈ దీవి తయారైంది. అందుకే అక్కడ ఎటు చూసినా నల్లరాయే.

జెజులో వానలు బాగానే కురుస్తాయి. కాని నీళ్లు నేలమీద నిలవవు. రాళ్ల సందుల్లోంచి కిందికి దిగిపోతాయి. నీళ్లు నిలవని చోట వరి పండించడం కష్టం కదా! అక్కడి రైతులు కొర్రలు, బార్లీ పండించుకునేవారు. ఆ పంట ఇంటిల్లిపాదికీ చాలేది కాదు.

మరి ఇల్లు ఎలా గడిచేది? ఆడవాళ్లు సముద్రంలోకి దిగారు.

1. హేన్యో అంటే ఎవరు?

కొరియా భాషలో 'హే' అంటే సముద్రం. 'న్యో' అంటే స్త్రీ. హేన్యో అంటే సముద్రపు స్త్రీ.

హేన్యోలు ఒడ్డునుంచి ఈదుకుంటూ సముద్రంలోకి పోతారు. అక్కడ గుండెనిండా గాలి పీల్చుకుంటారు. తల కిందికి, కాళ్లు పైకి పెట్టి నీళ్లలో మునుగుతారు. సుమారు 10 మీటర్ల లోతుదాకా వెళ్తారు. అంటే మూడంతస్తుల మేడ ఎత్తంత లోతు! అడుగున రాళ్లకు అతుక్కుని ఉండే గుల్లలను, నత్తలను ఇనప పనిముట్టుతో పెకలిస్తారు. తినడానికి పనికివచ్చే సముద్రపు నాచును కోస్తారు. ఒక్కో మునకకు సుమారు ఒక నిమిషం ఊపిరి బిగబడతారు. తర్వాత పైకి వస్తారు. మళ్లీ మునుగుతారు.

వాళ్ల వీపుమీద గాలి సీసాలు ఉండవు. ముక్కుకు గొట్టాలు ఉండవు. ఉన్నది సొంత ఊపిరే.

ఇలా రోజుకు 7 గంటల వరకు పని చేస్తారు. ఏడాదికి 90 రోజులదాకా సముద్రంలో దిగుతారు. మిగిలిన రోజుల్లో పొలం పని, ఇంటి పని ఉండనే ఉన్నాయి.

2. సొరకాయ బుర్ర, ఈల చప్పుడు

మన పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు ఎండిన సొరకాయ బుర్ర కట్టడం మీకు తెలుసు కదా? జెజు ఆడవాళ్లు కూడా ఎండిన బుర్రనే వాడేవారు. దాని పేరు టెవాక్. అది నీళ్లమీద తేలుతుంది. దాని కింద వల సంచి వేలాడుతుంది. దొరికిన సరుకును ఆ సంచిలో వేస్తారు. అలసిపోతే బుర్రమీద ఛాతీ ఆనించి కాసేపు సేద తీరుతారు. ఇప్పుడు బుర్రకు బదులు తేలికైన థర్మోకోల్ లాంటిది వాడుతున్నారు. పేరు మాత్రం అదే.

నీళ్లలోంచి పైకి రాగానే హేన్యో బిగబట్టిన గాలిని ఒక్కసారిగా వదులుతుంది. అప్పుడు ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడును 'సుంబిసోరి' అంటారు. పక్కన ఈదే ఆమెకు ఆ ఈల వినపడాలి. వినపడితే, తన తోటిది క్షేమంగా పైకి వచ్చినట్టు. చాలాసేపు వినపడకపోతే వెంటనే వెతకాలి. అందుకే హేన్యో ఒంటరిగా దిగదు. కలిసి పోతారు, కలిసి వస్తారు.

1970ల దాకా వాళ్లు నూలుబట్టలతోనే చన్నీళ్లలో దిగేవారు. చలికాలంలో ఎక్కువసేపు ఉండలేకపోయేవారు. ఒడ్డుకు వచ్చి మంట కాచుకుని మళ్లీ దిగేవారు. తర్వాత రబ్బరు బట్టలు వచ్చాయి. చలి తగ్గింది. కాని పనిగంటలు పెరిగాయి. ఎక్కువసేపు మునగడంవల్ల చెవిపోటు, తలనొప్పి కూడా పెరిగాయి. తలనొప్పి మాత్ర వేసుకుని నీళ్లలో దిగేవారు చాలామంది ఉన్నారు. సముద్రం ఇస్తుంది. ఊరికే మాత్రం ఇవ్వదు.

3. ఆశపడితే ప్రాణం పోతుంది

హేన్యోలలో మూడు తరగతులు ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారు మొదటి తరగతి. కాస్త అనుభవం ఉన్నవారు రెండో తరగతి. లోతు తెలిసిన పెద్దలు మూడో తరగతి. ఈ రోజు గాలి ఎట్లా ఉంది, దిగొచ్చా కూడదా అనేది పెద్దలే చెబుతారు. వాళ్ల మాటే మాట.

పెద్దలు కొత్తవాళ్లకు ముందుగా నేర్పే పాఠం ఏమిటో తెలుసా? గుల్లను ఎలా పట్టాలి అన్నది కాదు. గుల్లను ఎప్పుడు వదిలేయాలి అన్నది.

ఊపిరి అయిపోవస్తుంది. పైకి పోదామని తిరిగేసరికి రాతి సందులో పెద్ద గుల్ల కనపడుతుంది. దానికి మంచి ధర వస్తుంది. ఇంకొక్క క్షణం ఉంటే చేతికి వస్తుంది. ఆ ఒక్క క్షణమే ప్రమాదం. రాయికి అతుక్కున్న గుల్ల తొందరగా ఊడి రాదు. ఊపిరి చాలక నీళ్లలోనే గాలి పీల్చితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతాయి. దీన్ని వాళ్లు 'ముల్‌సుమ్' అంటారు. అంటే నీటి ఊపిరి. ముల్‌సుమ్ తాగిన మనిషి తిరిగి రావడం కష్టం. అందుకే, "నీ ఊపిరి ఎంతో అంతే తెచ్చుకో" అన్నది అక్కడి నీతి.

ఇది మనమూ గుర్తు పెట్టుకోవాలి. చెరువులోగాని, కాలవలోగాని, సముద్రంలోగాని ఒంటరిగా ఊపిరి బిగబట్టి మునగకూడదు. ఈత బాగా వచ్చినవారికి కూడా నీళ్లలో హఠాత్తుగా స్పృహ తప్పవచ్చు. పిల్లలు ఇలాంటి పందాలు వేసుకుంటుంటే పెద్దలు ఆపాలి.

4. నిప్పు చుట్టూ కూర్చునే చోటు

ఒడ్డున రాళ్లతో కట్టిన గుండ్రటి దడి ఉండేది. దాని పేరు బుల్‌టొక్. మధ్యలో మంట. చుట్టూ ఆడవాళ్లు. అక్కడే బట్టలు మార్చుకునేవారు. ఒళ్లు కాచుకునేవారు. అక్కడే కష్టసుఖాలు చెప్పుకునేవారు. ఊరి సముద్రం గురించిన నిర్ణయాలూ అక్కడే జరిగేవి.

ఏ నెలలో ఏ గుల్ల గుడ్లు పెడుతుందో వాళ్లకు తెలుసు. ఆ నెలల్లో దాన్ని ముట్టుకోరు. చిన్నవి దొరికితే మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు. ఈ ఏడాది అంతా ఊడ్చేస్తే వచ్చే ఏడాది ఏం తింటాం? ఇది వాళ్ల లెక్క.

ఇంకో మంచి పద్ధతి ఉంది. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా ఉన్న చోటును ముసలివాళ్లకు వదిలేస్తారు. దానికి 'అవ్వల సముద్రం' అని పేరు. బలం ఉన్న పడుచువాళ్లు అక్కడ వేటకు దిగకూడదు. వయసు పెరిగిందని ఎవరినీ సముద్రానికి దూరం చేయరు.

5. తక్కెడ గీతలు చదివిన ఆడవాళ్లు

1910 నుంచి 1945 దాకా కొరియా జపాను పాలనలో ఉంది. హేన్యోల సంఘం కూడా జపాను అధికారుల చేతుల్లోకి పోయింది. సంఘం చెప్పిన వ్యాపారికే సరుకు అమ్మాలి. అతను చెప్పిందే ధర. ప్రాణాలకు తెగించి తెచ్చిన సరుకు చౌకగా పోయేది.

హదో అనే ఊళ్లో ఒక రాత్రి బడి ఉండేది. పగలంతా సముద్రంలో మునిగిన ఆడవాళ్లు రాత్రి ఆ బడికి వెళ్లారు. అక్షరాలు నేర్చుకున్నారు. తక్కెడ మీద గీతలు చదవడం కూడా నేర్చుకున్నారు. గీతలు చదవడం వస్తే ఏం జరుగుతుంది? తూకంలో మోసం కనపడుతుంది. ధరలో మోసం కనపడుతుంది.

ఆ బడిలో చదివిన ముగ్గురు యువతులు ముందుకు వచ్చారు. వాళ్ల పేర్లు బు చున్‌హ్వా, కిమ్ ఓక్‌ర్యోన్, బు డోక్‌ర్యాంగ్. ముగ్గురూ హేన్యోలే. 1932 జనవరి 7న సెహ్వా సంతరోజు వందలమంది ఆడవాళ్లు ఊరేగింపు తీశారు. జనవరి 12న దీవి పెద్ద అధికారి అటుగా వచ్చాడు. ఆడవాళ్లు ఆయన కారును చుట్టుముట్టారు. చేతుల్లో వాళ్ల పనిముట్లే ఉన్నాయి. తమ కోరికలు వరసగా చెప్పారు. తీరుస్తానని అధికారి మాట ఇచ్చాడు. తర్వాత ఆ మాట తప్పాడు. పోలీసులు వచ్చారు. అరెస్టులు జరిగాయి. ముగ్గురినీ జైల్లో పెట్టారు.

ఆ నెలల్లో జరిగిన సభలు, ఊరేగింపులు అన్నీ కలిపితే సుమారు 17 వేలమంది పాల్గొన్నారని చరిత్రకారులు చెబుతారు. చాలా ఏళ్ల తర్వాత కొరియా ప్రభుత్వం ఆ ముగ్గురినీ దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడినవారుగా గౌరవించింది.

6. బడి సముద్రం

ఓన్‌ప్యోంగ్ అనే ఊళ్లో 1950లో బడి కాలిపోయింది. పిల్లలకు కూర్చునే చోటు లేదు. అప్పుడు ఆ ఊరి హేన్యోలు ఏం చేశారు? సముద్రంలో కొంత భాగాన్ని బడికోసం విడిగా పెట్టారు. అక్కడ కోసిన నాచు అమ్మగా వచ్చిన డబ్బు బడికే. ఆ డబ్బుతో బడి మళ్లీ లేచింది. ఆ చోటుకు 'బడి సముద్రం' అని పేరు వచ్చింది.

తల్లులు ఇలా కష్టపడి కూతుళ్లను చదివించారు. చదువుకున్న కూతుళ్లు పట్నాలకు పోయారు. ఉద్యోగాలు చేసుకున్నారు. తాము పడ్డ కష్టం పిల్లలు పడకూడదని తల్లులే అనుకున్నారు. దాంతో సముద్రంలో దిగేవారు తగ్గిపోయారు. 1970లో జెజులో సుమారు 14 వేలమంది హేన్యోలు ఉండేవారు. 2023 నాటికి 3 వేలకన్నా తక్కువైపోయారు. వారిలో పదిమందిలో తొమ్మిదిమంది 60 ఏళ్లు దాటినవారే. 80 ఏళ్లు దాటినవారు కూడా దిగుతున్నారు.

సముద్రం కూడా మారుతోంది. నీళ్లు వేడెక్కుతున్నాయి. నాచు తగ్గుతోంది. నాచు తిని బతికే గుల్లలూ తగ్గుతున్నాయి.

2016లో యునెస్కో జెజు హేన్యోల సంస్కృతిని ప్రపంచమంతా కాపాడుకోవలసిన సంపదగా గుర్తించింది. యునెస్కో అంటే ఐక్యరాజ్యసమితిలో చదువు, సంస్కృతి వంటి పనులు చూసే సంస్థ. కొత్తవారికి ఈ పని నేర్పే బడులు కూడా దీవిలో వచ్చాయి. కొందరు యువతులు పట్నం వదిలి వచ్చి నేర్చుకుంటున్నారు.

7. ముసలితనంలో కూడా ఎందుకు?

ఇంత కష్టం కదా, 70, 80 ఏళ్ల అవ్వలు ఇంకా ఎందుకు దిగుతున్నారు?

మొదటిది, ఒంటి సుఖం. ఒడ్డున నడిస్తే మోకాళ్లు నొప్పి. నడుం నొప్పి. నీళ్లలోకి దిగితే నీరు శరీరాన్ని పైకి లేపుతుంది. బరువు తెలియదు. ఒడ్డున కర్ర పట్టుకుని నడిచే అవ్వ నీళ్లలో చేపలా ఈదుతుంది.

రెండోది, సాధన. ముఖం చన్నీళ్లలో మునగగానే ఎవరికైనా గుండె కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అలా శరీరం గాలిని పొదుపు చేసుకుంటుంది. ఏళ్ల తరబడి మునిగినవారిలో గుండె ఇంకా ఎక్కువ నెమ్మదిస్తుందని 2025లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అంటే సముద్రం వాళ్ల గుండెకు కూడా పని నేర్పింది.

మూడోది, సొంత సంపాదన. ఎవరి ముందూ చేయి చాపనక్కరలేదు.

నాలుగోది, తోడు. ఇంట్లో కూర్చుంటే ఒంటరితనం. సముద్రంలో పక్కన ఇంకొకరి ఈల వినపడుతుంది.

కొత్త మాటలు

దీవి - చుట్టూ నీళ్లు ఉన్న నేల
హేన్యో - సముద్రపు స్త్రీ
టెవాక్ - నీళ్లమీద తేలే బుర్ర
సుంబిసోరి - పైకి వచ్చి గాలి వదిలే ఈల చప్పుడు
ముల్‌సుమ్ - నీటి ఊపిరి
బుల్‌టొక్ - మంట చుట్టూ కూర్చునే రాతి దడి

జవాబులు రాయండి

1. జెజులో వరి పండించడం ఎందుకు కష్టం?
2. ఈల చప్పుడు వినపడకపోతే తోటి హేన్యో ఏం చేయాలి?
3. తక్కెడ గీతలు చదవడం నేర్చుకోవడంవల్ల ఆడవాళ్లకు ఏం తెలిసింది?
4. 'బడి సముద్రం' అన్న పేరు ఎలా వచ్చింది?

లెక్క చేయండి

ఒక హేన్యో రోజుకు 7 గంటల చొప్పున ఏడాదికి 90 రోజులు సముద్రంలో పని చేసింది. మొత్తం ఎన్ని గంటలు?

కూర్చుని మాట్లాడుకోండి

1. మీరు అమ్మే సరుకును ఎవరు తూస్తారు? ఆ తూకం మీరు చదవగలరా?
2. మీ ఊళ్లో చెరువు, అడవి, సముద్రం, ఏది ఉంటే దాన్ని కాపాడుకోవడానికి ఏ కట్టుబాటు ఉంది? లేకపోతే ఏది పెట్టుకోవచ్చు?
3. మీ ఊరి ముసలివాళ్లకు తెలిసి, పిల్లలకు తెలియని పని ఏముంది? దాన్ని ఎవరు నేర్చుకుంటారు?