అందరి మరుగుదొడ్డి: పురపాలక సంఘాల నిబంధనలు – ఒక పరిశీలన

బస్టాండుకు వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, ఆఫీసులో పని మీద వెళ్లినా ప్రతి మనిషికీ మరుగుదొడ్డి అవసరం. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. తెల్లవారుజామున బకెట్ పట్టుకుని వరుసలో నిలబడి చదువుకున్న హాస్టల్ విద్యార్థులమైన మనకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నీళ్లు రాకపోతే, గడియ విరిగితే ఎంత అవస్థో మనకు తెలుసు.

అయితే ఆ వరుసలో నిలబడే వీలు కూడా లేనివాళ్లు మన మధ్యే ఉన్నారు. 'పురుషులు' అని రాసిన తలుపు దగ్గర వాళ్లకు వెక్కిరింపులు, 'స్త్రీలు' అని రాసిన తలుపు దగ్గర గెంటివేతలు. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అని మనం పిలిచేది వీరినే. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు'గా నమోదైనవారు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. వీరి కోసం పట్టణ పాలక మండళ్లు ఏం చేయగలవో, ఎక్కడెక్కడ ఏం చేశాయో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రెండు రకాలు

స్త్రీ పురుష భేదం లేని మరుగుదొడ్లు రెండు రకాలు. మొదటిది ఒక్కరు మాత్రమే వాడే గది. లోపల గడియ పెట్టుకుంటే ఇంకెవరూ రారు. రెండవది వరుసగా అరలు ఉండి, చేతులు కడుక్కునే చోటు అందరికీ ఉమ్మడిగా ఉండే పెద్ద గది. వాదోపవాదాలు ఎక్కువగా జరిగేది ఈ రెండవ రకం మీదే. మొదటి రకం మనకు కొత్త కాదు. మన ఇళ్లలో ఉండేది అదే. ఏ ఇంట్లోనూ ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి అని బోర్డులు పెట్టుకోము కదా!

ఇది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మాత్రమే పనికొచ్చేది కూడా కాదు. ముసలి తల్లిని ఆసుపత్రికి తీసుకొచ్చిన కొడుకు, నడవలేని భర్తకు సాయంగా వచ్చిన భార్య, చిన్న కూతురితో ప్రయాణం చేసే తండ్రి – వీళ్లందరికీ ఇలాంటి గది ఎంతో మేలు.

న్యూయార్క్ చేసిన పని

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 2013లో, కొత్తగా కట్టే నగర ప్రభుత్వ భవనాల్లో ఇలాంటి మరుగుదొడ్డి ఉండాలని నిబంధన చేసింది. 2015లో సియాటిల్ నగరం ఒక్కరు వాడే గదులన్నీ అందరికీ తెరిచి ఉండాలన్నది. న్యూయార్క్ నగర కౌన్సిల్ కూడా 2016 జూన్‌లో అలాంటి చట్టమే చేసింది. 2017 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఆ చట్టం సారాంశం చాలా చిన్నది. ఒక్కరు మాత్రమే వాడే మరుగుదొడ్డి ఏదైనా సరే, దాన్ని ఒక లింగానికి మాత్రమే అని కేటాయించకూడదు. తలుపు మీది బోర్డు మార్చాలి. గోడ కూల్చనక్కర్లేదు, కొత్త గది కట్టనక్కర్లేదు. ఎక్కువ అరలున్న స్త్రీల గదులు, పురుషుల గదులు అలాగే ఉన్నాయి. ఎవరి సౌకర్యమూ పోలేదు, కొందరికి లేని సౌకర్యం మాత్రం వచ్చింది.

షార్లెట్ నేర్పిన పాఠం

అన్ని చోట్లా ఇంత తేలికగా జరగలేదు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగర కౌన్సిల్ 2016 ఫిబ్రవరి 22న ఒక నిబంధన ఆమోదించింది. ఎవరు ఏ లింగంగా జీవిస్తున్నారో ఆ మరుగుదొడ్డినే వాడుకోవచ్చునన్నది అందులో ఒక భాగం. నెల తిరిగేసరికి, మార్చి 23న, రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై ఆ నిబంధన చెల్లకుండా చేసింది. ప్రభుత్వ భవనాల్లో జనన ధృవీకరణ పత్రంలో ఉన్న లింగం ప్రకారమే వెళ్లాలని చట్టం తెచ్చింది. దానికి నిరసనగా పేపాల్ కంపెనీ అక్కడ 400 మందికి పైగా ఉద్యోగాలిచ్చే కేంద్రాన్ని పెట్టకుండా వెనక్కి తగ్గింది. 2017 మార్చి 30న ఆ చట్టాన్ని రద్దు చేశారు గానీ, మరుగుదొడ్ల విషయంలో నిబంధనలు చేసే అధికారాన్ని మాత్రం రాష్ట్రం తన చేతిలోనే ఉంచుకుంది.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? పట్టణ పాలక మండలి అధికారానికి ఒక హద్దు ఉంటుంది. పై ప్రభుత్వం తలచుకుంటే కింది తీర్మానం నిలవదు. మన మున్సిపాలిటీలు కూడా రాష్ట్ర చట్టాలకు లోబడి పనిచేసేవే.

స్త్రీల మాట

ఇక్కడ స్త్రీల భయాన్ని కొట్టిపారేయకూడదు. చెంబు పట్టుకుని చీకటి పడేదాకా కాచుకుని ఉన్న తల్లుల పిల్లలం మనం. స్త్రీలకు ఉన్న గదిని తీసేసి 'అందరిదీ' అని బోర్డు పెట్టడం న్యాయం కాదు. ఇంగ్లండులో 2024 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న భవన నిబంధన ఈ సంగతి చూసుకుంది. కొత్తగా కట్టే నివాసేతర భవనాల్లో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలి. చోటు ఉంటే వాటికి అదనంగా, లోపలే చేతులు కడుక్కునే వీలున్న ఒక్కరి గదులు అందరి కోసం ఉండవచ్చు. వేర్వేరుగా కట్టే చోటు లేకపోతే అలాంటి ఒక్కరి గదులే సరిపోతాయి. ఒకరిది తీసి మరొకరికి ఇవ్వడం కాదు, లేనివారికి కలపడం అన్నమాట.

మన దేశంలో

రాజ్యాంగం 15(2) అధికరణం ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు వాడుకునే స్థలాల విషయంలో కులం, మతం, లింగం వంటి కారణాలతో ఎవరినీ అడ్డుకోకూడదు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ఆ 'లింగం' అన్న మాటలోకి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కూడా వస్తారని తీర్పు చెప్పింది. వారికి ప్రత్యేక ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. 2019 చట్టం కింద 2020లో వచ్చిన నియమావళి మరుగుదొడ్లతో సహా ఈ వసతులన్నీ రెండేళ్లలో కల్పించాలని గడువు పెట్టింది. ప్రజా మరుగుదొడ్లు రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాల్లో ఉన్నాయి. కాబట్టి ఈ పని చివరికి వచ్చి చేరేది మన మున్సిపాలిటీ గుమ్మం ముందుకే.

తీర్మానం చాలదు

మహాడ్ చవదార్ చెరువు కథ మన హాస్టల్ పిల్లలందరికీ తెలిసిందే. ఆ చెరువును అందరికీ తెరుస్తున్నామని మహాడ్ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కానీ కాగితం మీది తీర్మానంతో ఎవరి దాహమూ తీరలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందితో వెళ్లి ఆ నీరు తాగవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. బొంబాయి హైకోర్టులో న్యాయం దక్కేసరికి 1937 అయింది.

అంటరానితనానికి, ఈ సమస్యకు తేడాలు లేకపోలేదు. అయినా రెండు చోట్లా ప్రశ్న ఒకటే: ప్రజల సొమ్ముతో కట్టిన చోటు ఎవరిది? చెరువు గట్టు మీద మన తాతలను ఆపినవాళ్లను తప్పుపట్టే మనం, మరుగుదొడ్డి దగ్గర మరొకరిని ఆపుతుంటే చూస్తూ ఊరుకోవడం తగదు.

అలాగే, గది కట్టి తాళం వేస్తే అది ఉన్నట్టు కాదు. నీళ్లు, దీపం, లోపల గడియ, శుభ్రం చేసే మనిషికి సరైన జీతం, చేతికి తొడుగులు – ఇవన్నీ కూడా నిబంధనలో ఉండాలి. ఆ శుభ్రం చేసే పని ఎవరి ఇళ్లవాళ్లు చేస్తున్నారో మనకు తెలియనిది కాదు.

మనం చేయగలిగినవి

1. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు బస్టాండు, ఆసుపత్రి, మండల కార్యాలయాల్లో ఒక్కరు వాడే గదులు ఎన్ని ఉన్నాయో, వాటి మీద ఏ బోర్డు ఉందో చూసి రాసుకుందాం.

2. 2020 నియమావళి ప్రకారం మన మున్సిపాలిటీలో ఏం చేశారో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం.

3. ఒక్కరి గదుల బోర్డు మార్చమని వార్డు సభ్యునికి వినతిపత్రం ఇద్దాం. దీనికి అయ్యేది ఒక డబ్బా రంగు ఖర్చు మాత్రమే.

4. రాసే ముందు, ఊళ్లో ఉన్న హిజ్రాలను కలిసి వాళ్లకు ఏది కావాలో అడుగుదాం. కొందరు ప్రత్యేక గది కోరవచ్చు, కొందరు అందరితో కలిసి ఉండే గదే కోరవచ్చు. వాళ్ల తరఫున మనమే నిర్ణయించకూడదు.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో ఇంజనీర్లున్నారు, మున్సిపల్ ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు. ఒక భవనం ప్లాను మీ బల్ల మీదికి వచ్చినప్పుడు అందులో అందరి కోసం ఒక్క గది ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. అడగడం నేర్పింది ఈ హాస్టలే కదా!