కోర్టు కాపీ చేతికొచ్చేదాకా

మా వీధిలో వైరింగ్ పనులు చేసే కుర్రాడికి దుబాయ్‌లో కొలువు కుదిరింది. పాస్‌పోర్టు మాత్రం పోలీసు ఎంక్వైరీ దగ్గర ఆగిపోయింది. 2018లో వినాయక నిమజ్జనం రాత్రి జరిగిన కొట్లాట కేసులో అతను మూడో ముద్దాయి.

"ఆ కేసు ఎప్పుడో కొట్టేశారు బాబాయ్. నేను కోర్టు హాల్లోనే ఉన్నాను. మీరంతా వెళ్లొచ్చని జడ్జి గారే చెప్పారు" అన్నాడు.

"మరి జడ్జిమెంటు కాపీ ఏదిరా?"

లేదు. కేసు పోయిందన్న సంతోషంలో గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చేశాడు. కాపీ తీసుకోవాలని ఎవరూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. స్టేషన్ పుస్తకంలో ఆ కేసు ఇంకా నడుస్తున్నట్టే ఉంది.

ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కోర్టు కాపీ అనగానే అదేదో లాయర్ల విద్య అనుకుని వెనక్కి తగ్గుతారు. వరస తెలిస్తే ఎవరి పని వాళ్లే చేసుకోవచ్చు. ఆ కుర్రాడితో కలిసి తిరిగిన దారినే ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతున్నాను.

1. ఏ కాగితం కావాలో ముందు తేల్చుకోండి

"కేసు కాగితాలు కావాలి" అని కౌంటర్లో అడిగితే పని జరగదు. ఒక క్రిమినల్ కేసు ఫైల్లో ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు, ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, వాయిదా వాయిదాకూ రాసే డాకెట్ ఆర్డర్లు, చివర్లో జడ్జిమెంటు ఉంటాయి. పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ కావలసింది జడ్జిమెంటు. రోడ్డు ప్రమాదంలో మనిషి పోయి నష్టపరిహారం కోసం వెళ్లే కుటుంబానికి ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. అప్పీలుకు వెళ్లేవాళ్లకు జడ్జిమెంటు తప్పనిసరి. అవసరం ఏమిటో ఒక కాగితం మీద రాసుకుని బయల్దేరండి.

2. క్రైం నంబరు పట్టుకోండి

పోలీసు కేసు ఏదైనా దాని పుట్టుక స్టేషన్లోనే. స్టేషన్ పేరు, క్రైం నంబరు, సంవత్సరం, ఈ మూడూ తెలిస్తే సగం దారి నడిచినట్టే. ఎఫ్‌ఐఆర్ నమోదైతే ఫిర్యాదుదారుకు దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 154వ సెక్షన్ ఈ మాట చెప్పేది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ అదే చెబుతోంది.

ఎఫ్‌ఐఆర్‌లను మామూలుగా 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. లైంగిక నేరాలు, పిల్లలపై లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులను అందులోంచి మినహాయించింది. మన కేసు అంతకు ముందుదైనా, వెబ్‌సైట్లో దొరక్కపోయినా స్టేషన్‌కే వెళ్లాలి. అక్కడ కోర్టు కానిస్టేబుల్‌ని అడగండి. స్టేషన్‌కీ కోర్టుకీ మధ్య కాగితాలు మోసేది ఆయనే. ఏ కేసు ఏ కోర్టులో ఉందో చెప్పగలిగేదీ ఆయనే.

3. కేసు నంబరు, కోర్టు కనుక్కోండి

చాలామంది తడబడేది ఈ మెట్టు దగ్గరే. స్టేషన్లో ఉన్న క్రైం నంబరు కోర్టుకెళ్లేసరికి మారిపోతుంది. ఛార్జిషీటు ఫైలయ్యాక మేజిస్ట్రేట్ దాన్ని తీసుకుంటే సి.సి. నంబరు పడుతుంది. సెషన్స్ కోర్టు విచారించాల్సిన పెద్ద నేరమైతే మొదట పి.ఆర్.సి. నంబరు, తర్వాత సెషన్స్‌కు పంపినప్పుడు ఎస్.సి. నంబరు వస్తాయి. సంవత్సరం కూడా మారొచ్చు. మా కుర్రాడి కేసులో క్రైం నంబరు 2018ది, సి.సి. నంబరు 2019ది. అతను 2018 అంటూ వెతుకుతూ కూర్చున్నాడు, అందుకే దొరకలేదు.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోగానీ మొబైల్ యాప్‌లోగానీ రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుంటే వెతికే దారులు కనిపిస్తాయి. ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకడం అన్నిటికన్నా సులువు. పేరుతో వెతికితే ఓపిక కావాలి. అక్కడ పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. శ్రీను, శ్రీనివాస్, శ్రీనివాసరావు ముగ్గురూ ఒకరే కావొచ్చు. ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో చెప్పలేం. అందుకే పేరులో నాలుగైదు అక్షరాలే కొట్టి చూడండి. ముగిసిన కేసైతే 'పెండింగ్' బదులు 'డిస్పోజ్డ్' అన్న గుండీ నొక్కడం మరవొద్దు.

కేసు కనిపించగానే పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు రాసుకోండి. మొదటి నాలుగూ అక్షరాలు, చివరి నాలుగంకెలూ సంవత్సరం. దేశంలో మరే కేసుకూ ఆ నంబరు ఉండదు. మళ్లీ ఎప్పుడు చూడాలన్నా అది కొడితే చాలు.

ఒక జాగ్రత్త. తెలంగాణలో 2022 జూన్ 2న 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి. అంతకు ముందే తీర్పయిన కేసు ఫైలు పాత ఉమ్మడి జిల్లా కోర్టు రికార్డు రూములో ఉండొచ్చు.  బాగా పాత కేసు కంప్యూటర్లో లేకపోతే ఆ కోర్టు బెంచ్ క్లర్కును కలిసి రిజిస్టరు చూడమని కోరండి. ఫైళ్లను ఎల్లకాలం దాచరు. గడువు దాటినవాటిని నిబంధనల ప్రకారం తీసేస్తారు. ఆలస్యం చేయొద్దనడం అందుకే.

4. కాపీ అప్లికేషన్ పెట్టండి

కోర్టు గేటు దగ్గర టైపు చేసేవాళ్ల దగ్గర ఫారం దొరుకుతుంది. కోర్టు పేరు, కేసు నంబరు, రెండు పక్షాల పేర్లు, తీర్పు తేదీ, ఏ కాగితం కావాలి, ఎందుకు కావాలి, ఇవన్నీ నింపి కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీ సెక్షన్లో ఇవ్వాలి. ముద్దాయి అయినా ఫిర్యాదుదారు అయినా తన పేరు మీదే పెట్టుకోవచ్చు, లాయరు ఉండి తీరాలనేమీ లేదు. తొందరైతే అర్జెంట్ అని పెట్టుకునే వీలూ ఉంది. గుమాస్తా వేసే సి.ఎ. (కాపీ అప్లికేషన్) నంబరును అక్కడే రాసుకోండి. మిగతా పనంతా ఆ నంబరు మీదే నడుస్తుంది.

కేసుతో సంబంధం లేనివాళ్లు అడిగితే దారి వేరు. ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి, జడ్జి అనుమతిస్తేనే కాపీ ఇస్తారు. సమాచార హక్కు చట్టం కింద అడుగుదామనుకుంటే కుదరదు. కోర్టు కాపీలకు కోర్టు నిబంధనల దారినే రావాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో చెప్పేసింది. ఛార్జిషీట్లను అందరికీ కనిపించేలా ఇంటర్నెట్లో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో తీర్పిచ్చింది. లైంగిక దాడి బాధితుల పేర్లు, కేసుల్లో చిక్కుకున్న పిల్లల వివరాలు బయటపెట్టడం నేరం. ఆ గోప్యతను మనమూ కాపాడాలి.

5. నోటీసు బోర్డు చూడండి

అప్లికేషన్ ఇచ్చి ఇంటికెళ్లి కూర్చుంటే కాపీ నడిచి రాదు. ఎన్ని పేజీలకు ఎంత అవుతుందో లెక్కగట్టి, ఎవరెవరు స్టాంపులు కట్టాలో ఒక జాబితా రాసి బోర్డుకు అంటిస్తారు. కోర్టు వాడుకలో దాన్ని 'స్టాంపులు పిలవడం' అంటారు. మేం వెళ్లిన కోర్టు వరండాలో తీగ జాలీ వెనక ఆ కాగితం ఉంది. వానచుక్కలు తగిలి నీలి ఇంకు కాస్త అలికింది. కుర్రాడు వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుతూ పోయి, ఏడో వరసలో తన నంబరు చూసి ఆగాడు. గడువులోగా స్టాంపులు కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికి రావాల్సిందే. రెండు మూడు రోజులకొకసారి బోర్డు చూసి రండి.

6. అందుకున్న కాపీని అక్కడే తిప్పి చూడండి

కౌంటర్ దగ్గరే పేర్లు, సెక్షన్లు, తేదీలు సరిపోల్చుకోండి. నకలు సరైనదేనని ధ్రువీకరించిన సంతకం, కోర్టు ముద్ర ఉన్నాయో లేదో చూడండి. ఈ-కోర్ట్స్‌లో దింపుకున్న పీడీఎఫ్ చదువుకోవడానికి పనికొస్తుంది. ఆఫీసులు అడిగేది మాత్రం ఈ సర్టిఫైడ్ కాపీనే.

కాపీ మీద ఒక ముద్ర ఉంటుంది. అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ అందులో వరసగా ఉంటాయి. అప్పీలుకు వెళ్లేవాళ్లకు ఆ తేదీలే ప్రాణం. శిక్ష మీద మామూలుగా సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, హైకోర్టుకు 60 రోజుల్లో వెళ్లాలి. కాపీ కోసం కోర్టు తీసుకున్న రోజులను ఆ లెక్కలోంచి మినహాయిస్తారు. సిద్ధమయ్యాక మనం తీసుకోకుండా గడిపిన రోజులను మాత్రం మినహాయించరు.

డబ్బు లేదని ఆగిపోకండి

జైలు శిక్ష పడినవారికి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు వంటి పోలీసు కాగితాలను ముద్దాయికి కోర్టులో హాజరైన 14 రోజుల్లోగా ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 230వ సెక్షన్ చెబుతోంది. లాయరును పెట్టుకున్న బాధితులకూ అదే హక్కు ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం అడగొచ్చు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మా కుర్రాడు కాపీకి నాలుగు జిరాక్సులు తీయించాడు. ఒకటి స్టేషన్లో ఇచ్చి, అందినట్టు రెండోదాని మీద సంతకం, ముద్ర వేయించుకున్నాడు. ఒకటి పాస్‌పోర్టు ఆఫీసుకు పంపాడు, ఇంకొకటి ఫోటో తీసి ఫోన్లో పెట్టుకుని వాళ్ల నాన్న చేతికిచ్చాడు. అసలుది ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్కుల పక్కన, ప్లాస్టిక్ కవర్లో ఉంది.

మీ ఇంట్లోగానీ వీధిలోగానీ కేసు నుంచి బయటపడినవాళ్లుంటే ఇవాళే అడగండి, కాపీ తీసుకున్నారా అని. తీసుకోకపోతే వెంటపెట్టుకుని కోర్టుకు వెళ్లండి. తీర్పు వచ్చిన రోజే కాపీకి అప్లికేషన్ పెట్టడం అందరం అలవాటు చేసుకోవాలి. నిర్దోషి అని జడ్జి గారు చెప్పిన మాట ఆ గది గోడలు దాటి రావాలంటే మన చేతిలో ఆ కాగితం ఉండాలి.