వాడకంలో లేని పద్దులు: లోడ్ బ్యాలెన్సర్‌పై ఒక పాఠం

"మా వాడికి సర్వర్ల దగ్గర ఉద్యోగం వచ్చింది బాబూ, అక్కడ వాడు చేసే పనేమిటో మాత్రం మాకు అంతుపట్టదు" అని పెద్దలు నాతో అంటూ ఉంటారు. నేను ఆ పనిలోనే ఉన్నాను. మా దగ్గర కొత్తగా చేరినవారికి తరచుగా అప్పగించే పని ఒకదానిని ఈ పాఠంలో వివరిస్తాను. చూడటానికి అది ఇల్లు ఊడ్చినట్టు ఉంటుంది. కానీ తొందరపడి చేస్తే పరీక్ష ఫలితాలు వచ్చే రోజున సైటు తెరుచుకోకపోవచ్చు. అసలు చేయకుండా వదిలేస్తే అంతకంటే పెద్ద నష్టం రావచ్చు.

1. లోడ్ బ్యాలెన్సర్ అంటే ఏమిటి?

పెళ్లి భోజనాల దగ్గర గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడి, ఏ బంతిలో ఖాళీ ఉందో చూసి వచ్చినవారిని అటు పంపుతూ ఉంటాడు. లోడ్ బ్యాలెన్సర్ చేసేది అదే. ఒక సైటు వెనుక పది సర్వర్లు ఉంటే, వచ్చే ప్రతి అభ్యర్థననూ వాటిలో ఒకదానికి పంపుతుంది. ఒక సర్వర్ పడిపోతే దానికి పంపడం మానేస్తుంది.

ఇలాంటి వాటిలో హెచ్‌ఏప్రాక్సీ ఒకటి. ఫ్రాన్సుకు చెందిన విల్లీ తారో దీనిని రాశారు. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి విద్యార్థులు ఇంట్లోని లినక్స్ కంప్యూటర్‌లో పెట్టుకుని నేర్చుకోవచ్చు. ఇది ఏం చేయాలో ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో రాస్తాము. అందులో ముఖ్యమైన పద్దులు నాలుగు. అభ్యర్థనలను అందుకునే గుమ్మం ఫ్రంటెండ్. సర్వర్ల గుంపు బ్యాకెండ్. "సైటు పేరు ఇదైతే", "చిరునామా ఇలా మొదలైతే" అనే షరతు ఏసీఎల్. ఆ షరతు కుదిరితే ఫలానా బ్యాకెండ్‌కు పంపమనే ఆదేశం యూజ్ బ్యాకెండ్. ఏ షరతూ కుదరనివి డిఫాల్ట్ బ్యాకెండ్‌కు పోతాయి.

2. పాత పద్దులు ఉంటే నష్టమేమిటి?

ఏళ్లు గడిచేకొద్దీ ఈ ఫైలు పెరుగుతుంది. కొత్త సర్వర్లు వచ్చినప్పుడు వాటి పద్దులు చేరుస్తారు, పాతవి తీసేయడం మరిచిపోతారు. అవి ఊరికే పడి ఉండవు. ఒక బ్యాకెండ్‌కు ఎవరూ అభ్యర్థనలు పంపకపోయినా, హెల్త్ చెక్ పెట్టి ఉంటే దాని సర్వర్లను హెచ్‌ఏప్రాక్సీ పలకరిస్తూనే ఉంటుంది. మనం వ్యవధి మార్చకపోతే ఆ పలకరింపు 2 సెకన్లకు ఒకసారి, అంటే ఒక్కో సర్వర్‌కు రోజుకు 43,200 సార్లు. ఆ పాత ఐపీ చిరునామాను తరువాత వేరే యంత్రానికి కేటాయిస్తే, సంబంధం లేని ఆ యంత్రం మన పట్టికలో "బాగానే ఉంది" అని కనబడవచ్చు. ఎవరైనా ఆ బ్యాకెండ్‌ను మళ్లీ వాడుకలోకి తెస్తే విద్యార్థుల వివరాలు వేరే చోటికి పోతాయి.

వాడకంలో లేనిదాన్ని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి 2012 ఆగస్టు 1న అమెరికాలో జరిగిన సంఘటన ఒకటి చాలు. నైట్ క్యాపిటల్ అనే సంస్థ షేర్ల ఆర్డర్లను మార్కెట్‌కు పంపే తన సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేసింది. 2003లోనే వాడటం మానేసిన పవర్ పెగ్ అనే భాగం ఆ సాఫ్ట్‌వేర్‌లో అలాగే ఉండిపోయింది. ఆ భాగాన్ని నడిపించే గుర్తునే కొత్త పనికి వాడుకున్నారు. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త ప్రోగ్రాం చేరలేదు. ఆ ఒక్క దాంట్లో పాత భాగం మేలుకుని ఆర్డర్లు పంపసాగింది. సుమారు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాటే. అది లోడ్ బ్యాలెన్సర్ కాదు గాని, పాఠం మనకూ వర్తిస్తుంది.

3. మొదటి సాక్ష్యం: ఫైల్లోని రాత

ఫైల్లో ఉన్న పేర్లన్నీ ఒక జాబితా రాయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికి దారి ఉందో గుర్తు పెట్టుకుంటూ పొండి. చివరకు గుర్తు పడని పేర్లే అనుమానితులు. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషపై ప్రచురించిన వ్యాసంలో, కంప్యూటర్ మెమరీలో అక్కరలేని వాటిని ఏరడానికి చెప్పిన పద్ధతి కూడా ఇదే. గార్బేజ్ కలెక్షన్ పేరుతో మీ పాఠాల్లో వస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఒక పరీక్షల సైటు ఫైల్లో ఆరు బ్యాకెండ్లు ఉన్నాయనుకోండి: ప్రధాన, ఫలితాలు, పాతఫలితాలు, ఫీజు, హద్దు, హాల్‌టికెట్. డిఫాల్ట్‌గా "ప్రధాన" ఉంది. యూజ్ బ్యాకెండ్ ఆదేశాల్లో "ఫలితాలు", "హాల్‌టికెట్" పేర్లు కనబడుతున్నాయి. ఆరులో మూడు పోగా మిగిలినవి పాతఫలితాలు, ఫీజు, హద్దు. మూడింటినీ తీసేయవచ్చా? తొందరపడకండి.

"ఫీజు" పేరు ఫైల్లో ఇంకెక్కడా లేదు. కానీ ఒక ఆదేశంలో బ్యాకెండ్ పేరుకు బదులు "మ్యాప్ ఫైలు చూసి పంపు" అని ఉంది. ఆ మ్యాప్ వేరే ఫైలు. అందులో ఎడమవైపు సైటు పేరు, కుడివైపు "ఫీజు" అని రాసి ఉంది. కాబట్టి వెతికేటప్పుడు మ్యాప్ ఫైళ్లను కూడా తెరవాలి.

"హద్దు" బ్యాకెండ్‌లో ఒక్క సర్వర్ కూడా లేదు. చూడగానే పనికిరానిదనిపిస్తుంది. నిజానికి అందులో స్టిక్ టేబుల్ అనే పట్టిక ఉంది. ఏ చిరునామా నుంచి ఎన్ని అభ్యర్థనలు వస్తున్నాయో అది లెక్కపెడుతుంది. ఫ్రంటెండ్ ఆ లెక్క చూసి, హద్దు మీరినవారిని ఆపుతుంది. అది లేకపోతే ఫలితాల రోజున ఆ కాపలా ఉండదు.

ఇక "హాల్‌టికెట్"కు ఆదేశం ఉంది. కానీ దాని షరతులోని సైటు పేరు ఏనాడో రద్దయింది. ఆ పేరుతో ఎవరూ రారు.

అంటే ఉత్త తీసివేత లెక్క చేసినవాడు బతికున్న రెండింటిని తీసేసి, పనికిరాని ఒకదాన్ని వదిలేస్తాడు. నిజంగా పోవలసినవి పాతఫలితాలు, హాల్‌టికెట్ మాత్రమే.

4. రెండో సాక్ష్యం: రాకపోకలు

రాత ఒక్కటే చాలదు కాబట్టి, ఏ బ్యాకెండ్‌కు ఎన్ని అభ్యర్థనలు వచ్చాయో కూడా చూడాలి. హెచ్‌ఏప్రాక్సీ గణాంకాల పేజీలో ఈ అంకెలు ఉంటాయి. ఇక్కడ నాలుగు జాగ్రత్తలు అవసరం.

ఒకటి: రీలోడ్ చేసినప్పుడు ఈ అంకెలు సాధారణంగా మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. కనబడే సున్నా నిన్న సాయంత్రం నుంచి మాత్రమే కావచ్చు. కనుక లాగ్ ఫైళ్లను చూడాలి.

రెండు: ఎన్ని రోజుల లాగ్ అన్నది ముఖ్యం. ఫీజు కట్టడం ఏడాదికి ఒకటి రెండు సార్లే ఉంటుంది. మూడు నెలల లాగ్ చూసి "ఎవరూ రావడం లేదు" అనకూడదు. ఆ పని ఏ కాలంలో జరుగుతుందో ఆ కాలమంతా కలిసేలా చూడాలి.

మూడు: సర్వర్ల సొంత లాగ్‌లో అభ్యర్థనలు కనబడినంత మాత్రాన అవి మనుషులవి కావు. హెల్త్ చెక్‌లు కూడా అక్కడ చేరతాయి. వాటిని తీసేసి లెక్కపెట్టాలి.

నాలుగు: సర్వర్ పక్కన "బ్యాకప్" అని రాసి ఉంటే దానికి సున్నా రావడమే సహజం. మిగిలినవన్నీ పడిపోయినప్పుడే దాని అవసరం. ఇంట్లో వాడని నిచ్చెనను పనికిరానిదని ఎవరూ అనరు కదా!

5. తీసేసే క్రమం

రెండు సాక్ష్యాలూ కుదిరాక ఈ వరుసలో చేయండి.

మొదట ఫైలుకు నకలు తీసి, తేదీ వేసి దాచండి. ఆ పద్దు పెట్టినవారు గాని, ఆ సర్వర్ల యజమానులు గాని ఉంటే అడగండి. తరువాత ఆదేశాన్ని, దాని ఏసీఎల్‌ను, ఆఖరున బ్యాకెండ్‌ను తీయండి. ఆదేశం ఉండగా బ్యాకెండ్ తీసేస్తే ఫైలు తనిఖీలోనే తప్పు చూపుతుంది. హెచ్‌ఏప్రాక్సీలో ఫైలును అమలు చేయకుండా తనిఖీ మాత్రమే చేసే సౌకర్యం ఉంది, తప్పక వాడండి. అయితే మ్యాప్ ఫైల్లో ఉన్న పేరును ఆ తనిఖీ పట్టుకోలేదు. అది మీ కంటితో చూడవలసిందే.

వెంటనే చెరిపేయకుండా, వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి కొంతకాలం ఉంచితే తిరిగి తెచ్చుకోవడం సులువు. ఒకసారికి ఒక్క పద్దే తీయండి. పదీ ఒకేసారి తీస్తే, గొడవ వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేలదు. ఫలితాలు, ఫీజు గడువుల వారంలో ఈ పని పెట్టుకోవద్దు. పని అయ్యాక మళ్లీ మొదటి నుంచి జాబితా రాయండి. ఒకటి తీసేస్తే దానిపై ఆధారపడిన ఇంకొకటి అనాథగా మిగులుతుంది. ఎందుకు తీశారో ఒక వాక్యం రాసిపెట్టండి. మీ తరువాత వచ్చేవారికి అదే దారి చూపుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనికి కావలసింది పెద్ద పెద్ద లెక్కలు కాదు. ఓపికగా చదవడం, చదివినదాన్ని రుజువు చేసుకోవడం. మీ పిల్లల్లో ఈ అలవాటు ఉంటే, వారు ఏ కోర్సు చదివినా దీన్ని నేర్చుకోగలరు.

అభ్యాసం

1. ఒక బ్యాకెండ్‌లో మూడు సర్వర్లున్నాయి. మూడోదానికి ఏడాదిగా అభ్యర్థనలు లేవు. తీసేసే ముందు ఆ వరుసలో ఏ మాట కోసం చూడాలి?

2. గణాంకాల పేజీలో ఒక బ్యాకెండ్‌కు సున్నా ఉంది. ఆ సున్నా ఎప్పటి నుంచి మొదలైందో ఎలా తెలుసుకుంటారు?

3. పై ఉదాహరణలో "హాల్‌టికెట్"ను పూర్తిగా తీసేయాలంటే ఎన్ని రకాల పద్దులు తీయాలి? ఏ వరుసలో? కాగితం మీద రాసి, స్నేహితుడి జవాబుతో పోల్చి చూసుకోండి.