బఫర్ ద్రావణాలు: ఎడారి దేశపు మంచినీటిలోని రసాయనం

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జీవనదులు లేవు. దుబాయిలోని జెబెల్ అలీ, అబూధాబిలోని తవీలా వంటి కేంద్రాలలో సముద్రజలం నుండి ఉప్పును తొలగించి మంచినీటిని తయారుచేస్తారు. ఉప్పుతోపాటు బైకార్బొనేట్ కూడా దాదాపు పూర్తిగా తొలగిపోతుంది. ఇంతటి శుద్ధజలం శ్రేష్ఠమని తోచవచ్చు. కాని రసాయనశాస్త్ర దృష్టిలో అది నిస్సహాయమైనది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా కరిగినంత మాత్రాన దాని పి.హెచ్. 7 నుండి సుమారు 5.6కు దిగజారుతుంది. అట్టి నీరు ఇనుప గొట్టాలను, వాటిలోని సిమెంటు పూతను క్రమంగా తినివేస్తుంది.

దీనికి విరుగుడుగా, ఆ నీటిలో ముందుగా కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించి సున్నపురాయి పొరల గుండా పంపుతారు. అప్పుడు ఏర్పడే కాల్షియం బైకార్బొనేట్ పి.హెచ్. మార్పును నిరోధిస్తుంది. మానవ రక్తపు పి.హెచ్.ను 7.35, 7.45 మధ్య నిలుపుటలో ప్రధానపాత్ర వహించేది కూడా కార్బొనిక్ ఆమ్లం, బైకార్బొనేట్‌ల జంటయే.

ఒక బలహీన ఆమ్లం, దాని లవణం కలిసియున్న ద్రావణమే బఫర్ ద్రావణం. బయటినుండి ఆమ్లం చేరితే లవణంలోని అయాన్లు దానిని గ్రహిస్తాయి. క్షారం చేరితే బలహీన ఆమ్లం దానిని తటస్థీకరిస్తుంది. 1 లీటరు శుద్ధజలంలో 0.001 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే పి.హెచ్. 7 నుండి 3కు పడిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ చెరి 0.1 మోల్ ఉన్న లీటరు ద్రావణంలో అంతే ఆమ్లం కలిపితే, లెక్క ప్రకారం 4.76 కాస్తా 4.75 అవుతుంది, అంతే.

ఈ లెక్కకు ఆధారం హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణం:

పి.హెచ్. = పి.కె.ఎ. + లాగ్ (లవణ గాఢత ÷ ఆమ్ల గాఢత)

ఎసిటిక్ ఆమ్లపు పి.కె.ఎ. 4.76. కావలసిన పి.హెచ్.కు సమీపమైన పి.కె.ఎ. గల ఆమ్లాన్ని ఎన్నుకోవడమే తయారీలో తొలిమెట్టు. తేడా 1కి మించరాదు.

తయారుచేయు విధానం: 800 మి.లీ. స్వేదన జలంలో 13.6 గ్రాముల సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్‌ను కరిగించి, 5.7 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లాన్ని మెల్లగా చేర్చాలి. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది గనుక చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. పి.హెచ్. మీటరుతో పరీక్షించి, అవసరమైతే ఆమ్లంతోగాని సోడియం హైడ్రాక్సైడ్‌తోగాని సరిదిద్ది, చివరకు నీటితో 1 లీటరుకు పూరించాలి. పి.హెచ్. సుమారు 4.7 ఉంటుంది.

అయితే బఫర్ అక్షయపాత్ర కాదు. పై ద్రావణంలో 0.1 మోల్ బలమైన ఆమ్లం చేరితే లవణమంతా వ్యయమై, నిరోధశక్తి నశిస్తుంది. కనుక ఎంత పి.హెచ్. కావాలన్నదే కాక, ఎంత ఆమ్లాన్ని లేదా క్షారాన్ని తట్టుకోవాలన్నది కూడా ముందుగా నిర్ణయించుకొనే బఫర్‌ను తయారుచేయాలి.