గవ్వలాటలో గణితం

ఎక్కాలు అప్పజెప్పలేక బడి మానిన బాలుడే కొల్లాపూర్‌లో ఒక అరుగుపై అష్టాచెమ్మా అవలీలగా గెలవడం మేము చూశాము. 25 గడుల ఆటలో అతడు తన కాయను ఎదుటి కాయకు సరిగ్గా రెండు గడుల ముందు నిలపడానికి జంకేవాడు. ఆ జంకులో గణితముంది. నాలుగు గవ్వలు 16 విధాలుగా పడవచ్చు. వాటిలో రెండు మాత్రమే వెల్లకిలా పడేవి 6. నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా 1, అన్నీ బోర్లాపడే అష్టా 1. (గవ్వకు నాణేనికున్న సమత్వం లేదు గనుక ఆటలో ఫలితం కొంత మారుతుంది.) సంభావ్యత అనే మాట అతడు విననేలేదు!

పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మన పాఠ్యపుస్తకాలకు ఆ సరసత్వం అబ్బలేదు. ఉపాధ్యాయులు కానున్న మా మిత్రుల కోసం గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ చమత్కార గణిత పుస్తకాలకూ, వాటి పక్కన నాలుగు గవ్వలకూ చోటివ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము.